నల్లగుడ్డు జబ్బులకు లేజర్ చికిత్స: నెల్లూరు, ఒంగోలు వైపు వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు, పొదిలి, కనిగిరి వైపు నుంచి కంటి పరీక్షకి వచ్చేవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. శుక్లం, గ్లకోమా, షుగర్ వల్ల వచ్చే రెటీనా జబ్బుల జోలికి ఇక్కడ పోవడం లేదు, అంతా కార్నియా గురించే. మీ కన్ను స్వయంగా చూసిన డాక్టరు చెప్పినదానికీ ఇక్కడ రాసినదానికీ తేడా వస్తే డాక్టరు మాటే వినండి.

కార్నియా అంటే నల్లగుడ్డేనా?

నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర కార్నియా. మనకి కనిపించే నలుపు దాని వెనకాల ఉన్న ఐరిస్ అనే రంగు పొరది. కార్నియాకి రంగు లేదు, రక్తనాళాలూ లేవు. కావలసిన ఆక్సిజన్‌ని గాలి నుంచీ కన్నీటి నుంచీ తీసుకుంటుంది. మధ్యలో దీని మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ.

ఆ కొంచెం మందంలోనే పొరలున్నాయి. పైన ఉండే ఎపిథీలియం సుమారు 50 మైక్రాన్లు. ఇది గీరుకుపోయినా కొద్ది రోజుల్లో మళ్ళీ పెరుగుతుంది. దాని కింద బోమన్ పొర ఉంటుంది, అది పోతే తిరిగి రాదు. ఆ కింద స్ట్రోమా ఉంటుంది, కార్నియాలో సుమారు 90 శాతం అదే. అన్నిటికంటే లోపల ఒకే వరస కణాలతో ఎండోథీలియం ఉంటుంది. కార్నియాలో నీరు చేరకుండా తోడిపోసేది ఇదే, ఇదీ మళ్ళీ పెరగదు. ఈ లోతుల లెక్క గుర్తుంచుకోండి. లేజర్ పనికొస్తుందా లేదా అన్నది దాదాపు ఎప్పుడూ దీన్నిబట్టే తేలుతుంది.

మా ఊళ్ళో శుక్లం ఆపరేషన్‌ని కూడా లేజర్ అనే అంటారు. రెండూ ఒకటేనా?

కాదు. కుట్లు లేకుండా చేసే శుక్లం ఆపరేషన్లు కొన్ని అల్ట్రాసౌండ్‌తో, కొన్ని చిన్న కోత పెట్టి చేత్తో చేసేవి. శుక్లం తీసిన కొన్నాళ్ళకి లెన్స్ వెనక పొర మసకబారితే వాడేది యాగ్ లేజర్. షుగర్ ఉన్నవాళ్ళకి కంటి వెనకాల కొట్టేది మరో రకం. కార్నియాకి వాడేవి ముఖ్యంగా రెండు. ఎక్సైమర్ లేజర్ పైనుంచి కణజాలాన్ని పలచగా తీసేస్తుంది. ఫెమ్టోసెకండ్ లేజర్ పైపొరని ముట్టుకోకుండా లోపల ఎక్కడ కావాలంటే అక్కడ కోత పెడుతుంది.

అందుకని "మా పెదనాన్నకి లేజర్ చేశారు, రెండో రోజే పేపర్ చదివాడు" అన్న మాట విని మీ జబ్బుకీ అలాగే అవుతుందనుకోకండి. ఆయనకి ఏ జబ్బుకి ఏం చేశారో ముందు కనుక్కోండి.

ఈ ఎక్సైమర్ లేజర్ కొత్తదా? మన మీద ప్రయోగాలు చేస్తున్నారా?

నలభై ఏళ్ళ పైబడిన కథ ఇది. 1981లో అమెరికాలోని ఐబీఎం పరిశోధనశాలలో రంగస్వామి శ్రీనివాసన్, జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్ కలిసి, పండగ భోజనంలో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద ఈ కిరణాన్ని పరీక్షించారు. చుట్టుపక్కల ఏమీ కాలకుండా తగిలినంత మేర మాత్రమే శుభ్రంగా తెగింది. 1983లో కంటి డాక్టరు స్టీఫెన్ ట్రోకెల్ శ్రీనివాసన్‌తో కలిసి దాన్ని కార్నియా మీద పరీక్షించారు. కార్నియా జబ్బుల చికిత్సకి అమెరికాలో 1995లో అనుమతి వచ్చింది. శ్రీనివాసన్ పుట్టిందీ డిగ్రీ చదివిందీ మద్రాసులోనే. ఆ రోజుల్లో నెల్లూరు, ఒంగోలు కూడా మద్రాసు పాలనలోనే ఉండేవి కాబట్టి కాస్త మనవాడేనని చెప్పుకోవచ్చు.

దీని అలపొడవు 193 నానోమీటర్లు. ఒక్కో దెబ్బకి పోయేది మైక్రాన్‌లో సుమారు నాలుగో వంతు. ఈ కిరణం కార్నియా దాటి లోపలికి చొచ్చుకుపోదు కాబట్టి రెటీనా కాలిపోతుందన్న భయం అక్కర్లేదు.

కంట్లో పువ్వు వేసింది. లేజర్‌తో పోతుందా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. పువ్వు ఎంత తెల్లగా ఉందన్నది ముఖ్యం కాదు, ఎంత లోతుకి దిగిందన్నది ముఖ్యం.

కార్నియా జబ్బులకి ఎక్సైమర్‌తో చేసే చికిత్సని పీటీకే అంటారు. మచ్చ పైపైన ఉంటేనే, అంటే మందంలో ముందు 10 నుంచి 20 శాతం లోపల ఉంటేనే ఇది బాగా పనిచేస్తుంది. చీమకుర్తి గ్రానైట్ పలక సంగతి మీకు తెలుసు కదా. పైన గీతలుంటే పాలిష్ పడితే పోతాయి. పలక మధ్యదాకా పగులుంటే ఎంత పాలిష్ పట్టినా పలక అరగడమే గానీ పగులు పోదు. ఇదీ అంతే. లోతైన మచ్చని లేజర్‌తో తీయబోతే కార్నియా పలచబడి ముందుకు ఉబ్బే ప్రమాదం ఉంది.

లోతు కొలవడానికి ఏఎస్-ఓసీటీ అనే స్కాన్ ఉంది. నొప్పి ఉండదు, కంటికి ఏమీ తగలదు, మచ్చ ఎన్ని మైక్రాన్ల దాకా ఉందో తెలుస్తుంది. ఈ కొలత తీయకుండానే లేజర్‌కి తేదీ ఇస్తే మాత్రం మరో డాక్టరుకి చూపించుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

ఇంకో సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు. మచ్చ వల్ల చూపు తగ్గడానికి దాని తెలుపు ఒక్కటే కారణం కాదు, కార్నియా ఎగుడుదిగుడు కావడం కూడా కారణమే. అలాంటి కంటికి గట్టి రకం కాంటాక్ట్ లెన్స్ పెట్టి చూస్తే చార్టులో రెండు మూడు వరసలు అదనంగా చదివేవాళ్ళున్నారు. కోతా లేదు, లేజరూ లేదు. ముందు ఆ పరీక్ష చేయమని అడగండి. చిన్నప్పటినుంచీ పువ్వు ఉన్న కన్నయితే మెదడు ఆ కంటితో చూడటం నేర్చుకుని ఉండదు. అప్పుడు మచ్చ తీసినా చూపు పెద్దగా పెరగకపోవచ్చు.

మరి పీటీకే ఏ జబ్బులకి నిజంగా పనికొస్తుంది?

పైపొర పదేపదే ఊడిపోయే జబ్బు, డిస్ట్రోఫీలు అనే వంశపారంపర్యంగా కార్నియా మసకబారే జబ్బుల్లో కొన్ని, కార్నియా మీద అడ్డపట్టీలా కాల్షియం పేరుకునే బ్యాండ్ కెరటోపతి, పైకి లేచిన సాల్జ్‌మన్ గడ్డలు, పైపైన ఉన్న పాత మచ్చలు. కాల్షియం ఉంటే ముందు ఈడీటీఏ అనే మందుతో దాన్ని కరిగించి తీస్తారు. లేజర్ అవసరమైతే ఆ తరవాతే.

మన తీరంలో ఇంకోటి కూడా చూస్తాం. ఇసకపల్లి ఉప్పు కొఠార్లలో, చేపల వేటలో ఏళ్ళతరబడి ఎండలో పనిచేసినవాళ్ళ కార్నియా మీద పసుపుపచ్చ చుక్కలు పేరుకుంటాయి. పైనుంచి వచ్చే ఎండా, నీటి మీద నుంచీ ఉప్పు మీద నుంచీ తిరిగొచ్చే వెలుగూ రెండూ కంటికే తగలడం దీనికి ప్రధాన కారణం. చుక్కలు పైపైన ఉంటే పీటీకే ఉపయోగపడుతుంది. రాకముందే అంచున్న టోపీ, యూవీ ఆపే కళ్ళద్దాలు పెట్టుకోవడం దానికంటే చాలా చవక.

చంటిబిడ్డ గోరు తగిలి నెలలు గడిచాయి. ఇప్పటికీ పొద్దున కన్ను తెరవగానే సూది గుచ్చినట్టు ఉంటుంది. ఎందుకు?

గాయం మానినా పైపొర కింది పొరకి గట్టిగా అతుక్కోలేదన్నమాట. రాత్రి కన్నీరు తగ్గి కన్ను ఎండుతుంది, రెప్ప ఆ పొరకి అంటుకుంటుంది. తెరిచేసరికి పొర లేచిపోతుంది. గోరు, వరి ఆకు, చెరకు ఆకు, కాగితం అంచు, వీటితో తగిలిన గీతల తరవాత ఇది ఎక్కువ.

చాలామందికి రాత్రి పడుకునేముందు కంటి ఆయింట్‌మెంట్, ఉప్పు శాతం ఎక్కువున్న చుక్కలు, కొన్నాళ్ళు బ్యాండేజ్ లెన్స్ (కట్టులా పెట్టే మెత్తటి కాంటాక్ట్ లెన్స్), వీటితోనే తగ్గిపోతుంది. అయినా తిరగబెడుతుంటే పీటీకే చేస్తారు. పైపొర తీసేసి కింద ఐదు నుంచి పది మైక్రాన్లు మాత్రమే లేజర్‌తో సవరిస్తారు, కొత్తగా పెరిగే పొర గట్టిగా పట్టుకుంటుంది. లేజర్ వల్ల రోగికి కలిగే ఊరట బాగా కనిపించేది ఈ జబ్బులోనే.

మా ఇంట్లో ముగ్గురికి కార్నియా మసకబారింది. మేనరికం చేసుకోవడం వల్లేనా?

జబ్బు పేరేంటో తెలియకుండా అవునని గానీ కాదని గానీ చెప్పలేం. డిస్ట్రోఫీల్లో రకాలున్నాయి. మాక్యులర్ డిస్ట్రోఫీ రావాలంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒక్కో లోపమున్న జన్యువు బిడ్డకి చేరాలి. మేనమామనో మేనత్త కొడుకునో చేసుకున్నప్పుడు ఇద్దరిలోనూ అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ. దక్షిణ భారతంలో ఈ రకం ఎక్కువగా కనిపించడానికి ఈ పెళ్ళిళ్ళు ఒక కారణం. గ్రాన్యులర్, లాటిస్ రకాలు అలా కాదు. తల్లికో తండ్రికో ఉంటే చాలు, ప్రతి బిడ్డకీ సగం అవకాశం. వాటికి మేనరికంతో పని లేదు.

చికిత్సలోనూ తేడా ఉంది. గ్రాన్యులర్‌లో మచ్చలు పైపైన ఉంటే పీటీకేతో కొన్నేళ్ళు చూపు బాగుంటుంది. తిరగబెడితే, మందం చాలినంత ఉంటే మళ్ళీ చేయవచ్చు. మాక్యులర్‌లో మసక లోతుగానూ అంచులదాకానూ పాకుతుంది, చివరికి చాలామందికి కార్నియా మార్పిడే అవసరమవుతుంది. ఇంట్లో ఒకరికి ఉందని తేలితే మిగతావాళ్ళని, పిల్లలతో సహా, ఒకసారి స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోపు కింద చూపించండి. కోడలి మీదో అత్త మీదో నింద వేయడానికి కాదు ఈ పరీక్ష.

వరి కోతల్లో ఆకు తగిలింది. కన్ను ఎర్రబడి తెల్లచుక్క వచ్చింది. వెంటనే లేజర్ చేస్తే పోదా?

చేయరు, చేయకూడదు. అది మచ్చ కాదు, కార్నియా అల్సర్ కావచ్చు, అంటే పుండు. పుండు ఉన్న కంటికి పీటీకే చేయకూడదు.

ఆకు, గడ్డి, ధాన్యపు పొట్టు తగిలి వచ్చే పుండ్లలో ఫంగస్ ఎక్కువ. ముఖ్యంగా ఫ్యుసేరియం, ఆస్పర్జిల్లస్. మామూలు యాంటీబయాటిక్ చుక్కలకి ఫంగస్ లొంగదు. పుండు నుంచి కొంచెం గీరి మైక్రోస్కోపు కింద చూసి, నాటమైసిన్ లాంటి ఫంగస్ మందు వారాల తరబడి, మొదట్లో గంటకోసారి వేయాలి.

ఇక్కడ కొంచెం గట్టిగానే చెప్పాలి. మెడికల్ షాపులో "కన్ను ఎర్రగా ఉంది" అని అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టెరాయిడ్ ఉందో లేదో మీకు తెలియదు. స్టెరాయిడ్ వేస్తే ఎరుపు ఒకటి రెండు రోజులు తగ్గుతుంది, తగ్గిందని సంబరపడతాం, లోపల ఫంగస్ హాయిగా పెరుగుతుంది. ఆకు పసరు పోయడం, చనుబాలు పిండడం, నాలుకతో నలుసు తీయించడం కూడా అంతే ప్రమాదం. ఇవి చేసినవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు, అర్ధరాత్రి దగ్గర్లో డాక్టరు లేక చేస్తారు. కానీ మొదటి రోజే వస్తే మందుతో తగ్గే పుండు వారం తరవాత వస్తే కార్నియాకి చిల్లు పడే స్థితిలో ఉంటుంది.

పుండు పూర్తిగా మాని, నెలల తరవాత మచ్చ ఇక మారకుండా నిలిచాక, అప్పుడు లోతు కొలిచి లేజర్ సంగతి ఆలోచిస్తారు. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చిన మచ్చయితే మరీ జాగ్రత్త. లేజర్ ఆ వైరస్‌ని మళ్ళీ లేపగలదు కాబట్టి ముందూ వెనకా వైరస్ మాత్రలు ఇస్తారు.

క్వారీలో రాయి నలుసు పడింది. గ్రైండింగ్ చేస్తుంటే ఇనప రజను పడింది. లేజర్‌తో తీస్తారా?

అవసరం లేదు. మత్తు చుక్కలు వేసి సూదితో తీస్తారు. ఇనుమైతే చుట్టూ తుప్పు వలయం ఏర్పడుతుంది, దాన్ని కూడా తీయాలి. సుత్తి దెబ్బకి ఎగిరిన ముక్కయితే కన్ను చీల్చుకుని లోపలికి దూరి ఉండొచ్చు. నొప్పి పెద్దగా లేకపోయినా అదే రోజు చూపించండి.

కంట్లో కండ పెరిగి నల్లగుడ్డు మీదికి వస్తోంది.

టెరిజియం. దీనికి లేజర్ కాదు, ఆపరేషన్. కండ తీసేసి ఆ చోట మీ కంటి తెల్లగుడ్డు మీది పలచటి పొరనే అతికిస్తారు. ఊరికే కోసి వదిలేస్తే చాలామందికి మళ్ళీ పెరుగుతుంది.

మా అబ్బాయికి ఆర్నెల్లకోసారి అద్దాలు మారుస్తున్నారు, అయినా సరిగ్గా కనపడటంలేదంటాడు. లేజర్ చేయిస్తే సైట్ పోతుందా?

ముందు కార్నియా టోపోగ్రఫీ, అంటే కార్నియా వంపులు కొలిచే స్కాన్, చేయించండి. పదిహేను ఇరవై ఏళ్ళ వయసులో సిలిండర్ పవర్ అలా పెరుగుతూ ఉంటే కెరటోకోనస్ అనుమానించాలి. కార్నియా పలచబడి శంకువులా ముందుకు వస్తుంది. ఎలర్జీ దురదతో కళ్ళు నలిపే పిల్లల్లో ఎక్కువ. ఈ కంటికి లాసిక్, అంటే సైట్ తీసే లేజర్, చేస్తే జబ్బు ముదురుతుంది.

ముదరకుండా ఆపేది క్రాస్‌లింకింగ్. రైబోఫ్లేవిన్ చుక్కలు, అంటే బి2 విటమిన్, వేసి 365-370 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి చూపిస్తారు. పాత పద్ధతిలో ఈ కాంతి అరగంట, కొత్త పద్ధతుల్లో ఇంకా తక్కువ. ఇది లేజర్ కాదు, కానీ చాలామంది లేజర్ అనే చెప్పుకుంటారు. మామూలు పద్ధతికి కార్నియా కనీసం 400 మైక్రాన్లు ఉండాలి కాబట్టి ఆలస్యం చేస్తే అవకాశం చేజారవచ్చు. ఇది జబ్బుని ఆపుతుంది, పోయిన చూపుని పూర్తిగా తిరిగివ్వదు. అద్దాలో గట్టి లెన్సులో తరవాత కూడా కావాలి. అన్నిటికంటే ముందు కళ్ళు నలపడం మానిపించాలి.

రైల్వే ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నా. సైట్‌కి లాసిక్ చేయించుకోనా?

బిట్రగుంట, గూడూరు కుర్రాళ్ళు ఎక్కువగా అడుగుతారు. అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి లాసిక్ చేయించుకున్నవాళ్ళని అనర్హులుగా చూస్తారు. కళ్ళద్దాలు తీసేద్దామని చేయించుకుని ఉద్యోగమే పోగొట్టుకోవద్దు. మిగతా ఉద్యోగాలకి నియమాలు వేరువేరు. నోటిఫికేషన్‌లో మెడికల్ పేజీ చదివి ఆ తరవాత నిర్ణయించుకోండి.

పీటీకే రోజు ఏం జరుగుతుంది? నొప్పి ఉంటుందా?

ఇంజెక్షన్ ఉండదు. మత్తు చుక్కలు వేసి, రెప్పలు మూసుకుపోకుండా క్లిప్ పెట్టి, ఒక లైటు వైపే చూడమంటారు. పైపొరని చేత్తోనో లేజర్‌తోనో తీస్తారు. మచ్చ గట్టిగా, పక్కది మెత్తగా ఉంటుంది కాబట్టి లేజర్ రెండిటినీ సమానంగా కోయదు. అందుకని మధ్యమధ్యలో చిక్కటి ద్రవం వేసి పల్లాలు నింపి మిట్టలు మాత్రమే పోయేలా చూస్తారు. చేయి తిరిగిన డాక్టరు అవసరమయ్యేది ఇక్కడే. టపటప చప్పుడు, వెంట్రుక కాలిన వాసన వస్తాయి, కంగారు పడకండి. లేజర్ పడేది సెకన్ల నుంచి ఒకటి రెండు నిమిషాలు.

నొప్పి అసలు ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి. చేసేటప్పుడు ఉండదు. మత్తు దిగాక రెండు మూడు రోజులు మంట, నీరు కారడం, వెలుగు చూడలేకపోవడం ఉంటాయి. బ్యాండేజ్ లెన్స్ పెట్టి, మాత్రలు ఇస్తారు. పైపొర పూర్తిగా మూసుకోవడానికి సాధారణంగా మూడు నుంచి ఐదు రోజులు, కొందరికి వారం. లెన్స్ మీరే తీయకండి. ఆసుపత్రిలో వేసిన మత్తు చుక్కలు ఇంటికి అడిగి తెచ్చుకోకండి, అవి వేస్తే పొర మానదు.

తరవాత అద్దాలు పోతాయా?

పీటీకే చేసేది అద్దాలు తీయడానికి కాదు. పైగా మధ్యభాగం కాస్త చదునవుతుంది కాబట్టి ప్లస్ పవర్ వచ్చే వీలుంది. మైనస్ ఉన్నవాళ్ళకి అది కలిసొస్తుంది, లేనివాళ్ళకి కొత్త అద్దాలు కావాలి. చూపు వారాల తరబడి మారుతూ ఉంటుంది కాబట్టి తొందరపడి అద్దాలు చేయించి డబ్బు వృథా చేసుకోకండి. మళ్ళీ మసక రాకుండా కొన్ని కళ్ళకి ఆపరేషన్ సమయంలోనే మైటోమైసిన్ అనే మందు తాకిస్తారు.

తలస్నానం, పొలం పని, బండి?

పైపొర మూసుకునేదాకా తలమీద నీళ్ళు పోసుకోవద్దు. పొగాకు బ్యారన్, మిర్చి కల్లం, ధాన్యం తూర్పారబట్టే చోటు, రొయ్యల చెరువు, ఇవి ఇంకొన్ని వారాలు వద్దు. ఎంతకాలమో మీ డాక్టరుని అడగండి. కోతలకి ముందో తరవాతో తేదీ పెట్టుకుంటే గొడవ ఉండదు. బండి నడపడానికి డాక్టరు చూపు పరీక్షించి సరేనన్నాకే. ఎండలోకి వెళ్తే నల్లద్దాలు నెలల తరబడి పెట్టుకోవాలి, యూవీ తగిలితే మసక తిరిగి రావచ్చు.

ఎక్కడికి వెళ్ళాలి? ఖర్చు ఎవరిస్తారు?

నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వాసుపత్రుల కంటి విభాగంలో మొదటి పరీక్ష చేయించుకోవచ్చు. ఆ తరవాత నెల్లూరు వైపు వాళ్ళు చెన్నై శంకర నేత్రాలయకో తిరుపతి అరవింద్‌కో, ఒంగోలు వైపు వాళ్ళు విజయవాడ ఎల్వీ ప్రసాద్‌కో గుంటూరు దగ్గర పెదకాకాని శంకరకో వెళ్ళడం చూస్తుంటాం. ఎక్కడికైనా ముందు ఫోన్ చేసి కార్నియా స్పెషలిస్టు ఏ రోజు ఉంటారో, పీటీకే అక్కడే చేస్తారో లేదో అడగండి. పొద్దున్నే రైల్లో వెళ్ళి, డాక్టరు లేడని ఊరికే తిరిగొచ్చేవాళ్ళున్నారు.

ఇన్సూరెన్స్‌లో ఒక తిరకాసు ఉంది. సైట్ 7.5 డయాప్టర్ల కంటే తక్కువుంటే సైట్ సరిచేసే లేజర్‌కి డబ్బు ఇవ్వరు. మీది సైట్ లేజర్ కాదు, జబ్బుకి చికిత్స అని కాగితంలో స్పష్టంగా ఉండాలి. డాక్టరు చేత జబ్బు పేరు రాయించుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉంటే చేరకముందే ఆసుపత్రిలోని వైద్యమిత్రని అడగండి.

లేజర్‌కి కుదరదన్నారు. ఇక దారి లేదా?

ఉంది. ముందు వైపు పొరలే పాడైతే వాటిని మాత్రమే మార్చే ఆపరేషన్ ఉంది, వెనక ఎండోథీలియం పాడైతే దాన్ని మాత్రమే మార్చేది ఉంది, మొత్తం మార్చేదీ ఉంది. వీటికి దానం చేసిన కార్నియా కావాలి. చనిపోయిన ఆరు గంటలలోపు తీయాలి. కుటుంబం ఒప్పుకుంటే ఐబ్యాంకు వాళ్ళే ఇంటికి వస్తారు. వచ్చేదాకా ఫ్యాన్ ఆపి, కళ్ళు మూసి తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టాలి. కళ్ళద్దాలున్నా, షుగర్ ఉన్నా, శుక్లం ఆపరేషన్ అయినా దానం చేయొచ్చు. ముఖం వికారంగా మారదు.

మొదటిసారి వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళాలి?

పాత అద్దాలు, పాత చీటీలు, ఇప్పటిదాకా వేసిన చుక్కల సీసాలన్నీ, ఖాళీవైనా సరే. కాంటాక్ట్ లెన్సులు వాడుతుంటే మెత్తటివి ఒకటి రెండు వారాల ముందే, గట్టివి మూడు నాలుగు వారాల ముందే ఆపండి, లేకపోతే టోపోగ్రఫీ తప్పుగా వస్తుంది. కంటిపాప పెద్దది కావడానికి చుక్కలు వేస్తారు, కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది కాబట్టి తోడు ఒకరిని తీసుకెళ్ళండి.